జంతువుల ఒంటి మీద ఏముంది? చర్మం, బొచ్చు, పొలుసులు, ఈకలు, పెంకుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త జంతువు కనిపిస్తే పిల్లలు ముందు దాని పేరు అడుగుతారు, వెంటనే "ముట్టుకోవచ్చా?" అంటారు. ఆ రెండో ప్రశ్న నుంచే ఈ పేజీ పుట్టింది. ముట్టుకుంటే ఒకటి గరుకుగా, ఇంకొకటి జిగటగా, మరొకటి మెత్తగా తగులుతుంది, ఒకటైతే గుచ్చుకుంటుంది. ఎందుకలా అని అడిగినవాళ్లకు నేను చెబుతూ వచ్చిన జవాబులు ఇవి. కొన్నింటికి నాలుగు ముక్కలు సరిపోయాయి, కొన్ని మాత్రం చెప్పేకొద్దీ పెరిగాయి.

గోరు, వెంట్రుక, ఈక, పాము పొలుసు ఇవన్నీ వేర్వేరు పదార్థాలా?

చూపుకు వేరు, సరుకు దాదాపు ఒకటే. అన్నీ కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైనవే. గుర్రం గిట్ట, ఆవు కొమ్ము మీది తొడుగు, కోడి ముక్కు పైపొర, ముళ్లపంది ముల్లు కూడా ఆ కోవలోవే. ఖడ్గమృగం కొమ్ములో అసలు ఎముకే ఉండదు, అదంతా కెరాటినే. కాకపోతే పాములు, బల్లులు, పక్షుల్లో దీంతోపాటు ఇంకాస్త గట్టి రకం కెరాటిన్ కూడా ఉంటుంది.

పొలుసు, ఈక, వెంట్రుక పిండంలో మొదలయ్యే తీరు కూడా ఒకటేనని 2016లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. చర్మం మీద ఒక చిన్న చోట కణాలు మందంగా పోగవుతాయి, అక్కడి నుంచి ఒక్కో జాతిలో ఒక్కో దారి.

చేప పొలుసు మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది ఎముకకు దగ్గరి చుట్టం. పీత పెంకు, నత్త గుల్ల కథలు మళ్లీ వేరు, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

అసలు ఒంటికి పైపొర చేసే పని ఏమిటి?

లోపలి నీరు ఆరిపోకుండా, బయటి క్రిమి లోపలికి రాకుండా, వేడి అవసరం మేరకే పోయేలా చూడటం. పళ్లు, గోళ్లు దిగకుండా కాపాడటం, కనిపించకుండా దాచడం లేదా అందరికీ కనిపించేలా చేయడం కూడా దీని పనులే. ఇన్ని పనులు ఒకే పొర బాగా చేయలేదు. గట్టిగా ఉంటే పెరగడానికి అడ్డు, పలచగా ఉంటే విషాలకు దారి, దట్టంగా ఉంటే ఎండలో ఉడకడం. ఏ జంతువు పైపొర చూసినా నాకు ముందు వచ్చే ప్రశ్న "దీనికి ఇది ఎంత ఖర్చుతో వచ్చింది?" అనే.

వెంట్రుకలు క్షీరదాలకే ఉంటాయంటారు. మరి తిమింగలానికి ఎక్కడున్నాయి?

హంప్‌బ్యాక్ తిమింగలం తల మీద బొడిపెలు ఉంటాయి. ఒక్కో బొడిపెలో ఒక్కో వెంట్రుక కుదురు. డాల్ఫిన్ పిల్లలు చాలావరకు మూతి మీద నాలుగైదు మీసాలతో పుడతాయి, కొద్దిరోజులకే అవి రాలిపోతాయి. నీళ్లలో చలికి అవి ఆధారపడేది చర్మం కింది కొవ్వు పొర మీద. ఆర్కిటిక్‌లో ఉండే బోహెడ్ తిమింగలానికి ఆ పొర దాదాపు అర మీటరు మందం దాకా ఉంటుంది.

సముద్రపు ఓటర్ అనే నీటికుక్కది దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి అలాంటి కొవ్వు పొర లేదు, ఉన్నదంతా బొచ్చే. ఒంటి మీద బాగా దట్టమైన చోట ఒక్క చదరపు సెంటీమీటరులో లక్షకు పైగా వెంట్రుకలుంటాయి. మనిషి తలంతా కలిపి ఉండేవి సుమారు లక్ష. ఆ వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలే దానికి దుప్పటి. అందుకే అది రోజులో చాలాసేపు బొచ్చు దువ్వుకుంటూ, గాలి ఊదుకుంటూ గడుపుతుంది. ఆ గాలి పోతే ప్రాణమూ పోతుంది. 1989లో అలాస్కా తీరంలో ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు చాలా నీటికుక్కలు చనిపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. నూనె తగిలి బొచ్చు అట్టకట్టింది, చన్నీళ్లు నేరుగా చర్మానికి తగిలాయి.

ధ్రువపు ఎలుగుబంటి తెల్లనిదా, నల్లనిదా?

చర్మం నలుపు. వెంట్రుకలకు రంగే లేదు, అవి పారదర్శకంగా ఉంటాయి. లోపల బోలుగా ఉండే ఆ వెంట్రుకల మీద పడిన వెలుగు చెదిరిపోవడం వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది, మంచు తెల్లగా కనిపించినట్టే. ఆ వెంట్రుకలు ఎండను గొట్టంలా చర్మం దాకా మోసుకెళ్తాయని ఒకప్పుడు బాగా ప్రచారం జరిగింది, కొలిచి చూస్తే అది నిలవలేదు. వెచ్చని ప్రాంతాల జూలలో ఈ బోలు వెంట్రుకల్లోకి నాచు చేరి ఎలుగుబంట్లు పచ్చగా మారిన సందర్భాలు మాత్రం నిజంగా ఉన్నాయి.

ముళ్లపంది ముళ్లు విసురుతుందా?

విసరదు. ముళ్లు గట్టిపడిన వెంట్రుకలే, కుదుళ్లలో వదులుగా ఉంటాయి. బెదిరితే నిక్కపొడుచుకుని వెనక్కి దూసుకొస్తుంది. తగిలినవాడి ఒంట్లో ముల్లు దిగి ఊడిపోతుంది. చూసేవాళ్లకు విసిరినట్టే ఉంటుంది. ఉత్తర అమెరికా ముళ్లపందికి సుమారు 30 వేల ముళ్లుంటాయి, వాటి కొనలకు గాలం ముల్లులా వెనక్కి తిరిగిన సన్నని కొక్కేలు ఉంటాయి కాబట్టి లాగితే ఇంకా బాధ.

అలుగుకు పొలుసులున్నాయి కదా, అది పాము జాతిదా?

కాదు, పిల్లలకు పాలిచ్చే జంతువు. దాని పొలుసులు మన గోళ్ల లాంటి కెరాటిన్ పలకలు, ఒకదాని మీద ఒకటి పెంకుల్లా పేర్చినట్టు ఉంటాయి. భయపడితే బంతిలా చుట్టుకుపోతుంది. అప్పుడు సింహం కొరికినా పళ్లు దిగవు.

ఈ ఉపాయం సింహం దగ్గర పనిచేసింది, మనిషి దగ్గర పనిచేయలేదు. మనిషి ఆ బంతిని ఎత్తి సంచిలో వేసుకుంటాడు, అది పారిపోదు కూడా. పొలుసుల్లో మందు గుణాలున్నాయన్న నమ్మకంతో వేట ఎంత పెరిగిందంటే, 2016లో ప్రపంచ దేశాలు ఎనిమిది జాతుల అలుగుల మీదా అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాల్సి వచ్చింది. మందే కావాలంటే గోళ్లు కొరుక్కుంటే పోయేది, రెండూ ఒకే సరుకు.

ఆర్మడిల్లో కవచం వేరు. దానిది చర్మంలోనే పెరిగిన ఎముక పలకలు, పైన కెరాటిన్ పూత. అన్ని ఆర్మడిల్లోలూ బంతిలా చుట్టుకుంటాయనుకుంటారు కానీ పూర్తిగా చుట్టుకోగలిగేవి మూడు పట్టీల రకాలు మాత్రమే.

ఏనుగు తోలు అంత మందం కదా, దానికి స్పర్శ తెలుస్తుందా?

బాగా తెలుస్తుంది. మాట పట్టించుకోనివాణ్ని "తోలు మందం" అంటాం, "దున్నపోతు మీద వాన కురిసినట్టు" అంటాం. రెండూ జంతువుల పట్ల అన్యాయమే. ఏనుగు వీపు మీద తోలు రెండు సెంటీమీటర్లు దాటుతుంది కానీ చెవి వెనక కాగితమంత పలచన. ఒంటి మీద ఈగ వాలినా దానికి తెలుస్తుంది, తోక ఆడిస్తుంది, దుమ్ము జల్లుకుంటుంది.

దాని అసలు ఇబ్బంది చెమట. మనకున్నట్టు ఒళ్లంతా చెమట గ్రంథులు దానికి లేవు. ఆ లోటు తీర్చేది ముడతలు. ఆఫ్రికా ఏనుగు చర్మం మీది సన్నని పగుళ్లు, నునుపైన చర్మం కంటే 5 నుంచి 10 రెట్లు ఎక్కువ నీటిని పట్టి ఉంచుతాయి. స్నానం చేసి వచ్చాక ఆ తడి మెల్లగా ఆరుతూ చాలాసేపు ఒంటిని చల్లబరుస్తుంది. బురద పూత ఎండనీ పురుగులనీ ఆపుతుంది. దున్నపోతు సంగతీ ఇంతే. నల్లని చర్మం, పలచని వెంట్రుకలు, ఆవు కంటే తక్కువ చెమట గ్రంథులు. అది బురదగుంటలో పడుకునేది బద్ధకంతో కాదు, ఒళ్లు కాలి.

నీటిగుర్రానికి రక్తపు చెమట పడుతుందట, నిజమేనా?

ఆ ఎర్రటి ద్రవం రక్తం కాదు, అసలైన చెమటా కాదు. వచ్చేటప్పుడు రంగు లేకుండా వచ్చి, కొద్ది నిమిషాల్లో ఎర్రబడి, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. అందులోని రంగు పదార్థాలు ఎండను అడ్డుకుంటాయనీ, అందులో ఒకటి బ్యాక్టీరియా పెరగకుండా చూస్తుందనీ 2004లో తేలింది. సన్‌స్క్రీన్, మందు రెండూ ఒకే డబ్బాలో!

పులికి బొచ్చు గొరిగేస్తే చారలు పోతాయా?

పోవు, కింద చర్మం మీద కూడా చారలు కనిపిస్తాయి. జీబ్రాకు అలా కాదు, చారల కింద చర్మం అంతటా నలుపే. అంత కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగుతో పులి ఎలా దాక్కుంటుందని అడుగుతారు. జింక కళ్లకు నారింజ, ఆకుపచ్చ విడివిడిగా తెలియవు. పులి పచ్చగా కనిపిస్తుంటే పొదలో ఇంకేం తేడా పడుతుంది? జీబ్రా చారలకు ఇప్పటిదాకా బలంగా నిలిచిన కారణం రక్తం పీల్చే ఈగలు. 2019లో గుర్రాలకు చారల దుప్పట్లు కప్పి చూస్తే వాటి మీద వాలిన ఈగలు బాగా తగ్గాయి.

కప్ప ఎప్పుడూ తడిగా, జిగటగా ఎందుకుంటుంది?

ఎందుకంటే దానికి చర్మం సగం ఊపిరితిత్తి. ఆక్సిజన్ తడిలో కరిగితేనే చర్మం దాటి రక్తంలోకి వెళ్తుంది. చర్మం ఆరిందా, ఊపిరి ఇబ్బందే. కప్పల బంధువులు, బల్లిలా కనిపించే సాలమాండర్లలో కొన్నింటికి ఊపిరితిత్తులే లేవు, ఉన్నదంతా చర్మం, నోటి లోపలి పొర. నీళ్లు కూడా కప్ప నోటితో తాగదు. తడి నేల మీద కూర్చుని పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. వానపాము కూడా చర్మంతోనే ఊపిరి పీలుస్తుంది, కాబట్టి ఎండలో పడితే నిలవదు.

ఇంత తెరిచిన తలుపుకు కాపలా కష్టం. జిగురులో క్రిములను చంపే పదార్థాలుంటాయి. గోదురుకప్ప కళ్ల వెనక ఉబ్బెత్తు గ్రంథుల్లో విషం ఉంటుంది. కుక్క నోట కరిచి వెంటనే వదిలేసేది అందుకే. అయినా కాపలా ఓడిపోయింది. కైట్రిడ్ అనే ఫంగస్‌ను 1999లో గుర్తించి పేరు పెట్టారు. అది కప్ప చర్మంలో చేరి పైపొరను పాడు చేస్తుంది, లవణాల రాకపోకలు తప్పుతాయి, చివరికి గుండె ఆగుతుంది. 2019లో వేసిన లెక్క ప్రకారం దీనివల్ల 501 ఉభయచర జాతుల సంఖ్య తగ్గింది, వాటిలో 90 అంతరించిపోయాయని అంచనా. మన ఒంటికి ఫంగస్ పడితే దురద, కప్పకు పడితే చావు. చర్మానికి ఎన్ని పనులు అప్పగిస్తే దాన్ని పోగొట్టుకోవడం అంత ప్రమాదం.

ఒకవేళ కప్పను పట్టుకోవాల్సి వస్తే చేతులకు క్రీములు, దోమల మందు లేకుండా కడుక్కుని, తడి చేతులతోనే పట్టుకోండి. తర్వాత మళ్లీ కడుక్కోండి.

చేప పొలుసుల్లో వయసు రాసి ఉంటుందా?

చాలా చేపల్లో ఉంటుంది. చేప పెరిగేకొద్దీ కొత్త పొలుసులు పెద్దగా రావు, ఉన్నవే పెద్దవవుతాయి. తిండి బాగా దొరికిన కాలంలో వలయాలు ఎడంగా, దొరకని కాలంలో దగ్గరగా పడతాయి. మైక్రోస్కోపు కింద చెట్టు మొద్దులో లెక్కపెట్టినట్టు లెక్కపెట్టొచ్చు. పొలుసుల మీద జిగురు పొర ఉంటుంది, చేప చేతికి చిక్కకుండా జారేది దానివల్లే.

సొరచేప పొలుసులు మాత్రం నిజానికి పళ్లు. లోపల గుజ్జు, చుట్టూ డెంటిన్ అనే గట్టి పదార్థం, పైన ఎనామెల్ లాంటి గట్టి పూత, అచ్చం మన పంటి అమరికే. తల నుంచి తోక వైపు నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు కాగితం. పాతకాలంలో వడ్రంగులు ఆ తోలును చెక్క నునుపు చేయడానికి నిజంగానే వాడేవారు. జెల్ల లాంటి చేపలకు పొలుసులే ఉండవు. బదులుగా ఒళ్లంతా రుచి తెలిసే మొగ్గలుంటాయి, అంటే బురద నీళ్లలో అది ఒంటితోనే రుచి చూస్తూ తిరుగుతుంది.

తాబేలు డిప్ప వదిలి బయటికి రాగలదా?

కార్టూన్లలో వస్తుంది. నిజంగా అయితే మన వెన్నెముక, పక్కటెముకలు వదిలి మనం బయటికి రావడం ఎలాంటిదో అదీ అలాంటిదే. పై డిప్ప తాబేలు పక్కటెముకలు, వెన్నుపూసలు వెడల్పయి అతుక్కుని ఏర్పడింది, పైన కెరాటిన్ పలకలు. అలా చేసేసరికి భుజపుటెముక పక్కటెముకల గూడు లోపలికి పోయింది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇలాంటి ఏర్పాటు ఇంకెవరికీ లేదు. సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి ఒక తాబేలు శిలాజానికి పొట్ట వైపు డిప్ప మాత్రమే పూర్తిగా ఉంది. కాబట్టి కవచం కిందినుంచి మొదలై ఉంటుందని చాలామంది అంటారు. డిప్ప మీద తాకినా తాబేలుకు తెలుస్తుంది. దయచేసి దాని మీద రంగులు వేయకండి.

పక్షి ఈకకు, వెంట్రుకకు తేడా ఏమిటి?

వెంట్రుక ఒక దారం, ఈక ఒక యంత్రం. నడిమి కాడ నుంచి రెండు పక్కలా పోగులు, ప్రతి పోగు నుంచి ఇంకా సన్నని పోగులు, వాటికి కొక్కేలు. ఒక పోగు కొక్కేలు పక్క పోగును పట్టుకుంటాయి. ఈకను చేత్తో చీల్చి, మళ్లీ కింది నుంచి పైకి వేళ్లతో దువ్వి చూడండి, జిప్పులా అతుక్కుపోతుంది. పక్షి ముక్కుతో రోజంతా చేసేది ఆ జిప్పులు వేసుకోవడమే. చాలా పక్షుల్లో తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది, దానికి ముక్కు రాసి ఆ నూనె ఈకలకు పులుముకుంటాయి.

అన్ని ఈకలూ ఎగరడానికి కావు. చర్మానికి ఆనుకుని ఉండే నూగు చలికి. గుడ్లగూబ రెక్క అంచున దువ్వెన పళ్లలాంటి కుచ్చు ఉంటుంది, అది గాలి చప్పుడును మింగేస్తుంది. ఎడారుల్లో ఉండే శాండ్‌గ్రౌస్ మగపక్షి నీళ్లలో పొట్ట తడుపుకుని, ఆ ఈకల్లో నీళ్లు పట్టుకుని చాలా కిలోమీటర్లు ఎగిరి వచ్చి పిల్లలకు తాగిస్తుంది. నాకు ఈ పేజీలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. నీటికాకి ఈకలు మాత్రం కావాలన్నట్టు తడుస్తాయి, తేలకుండా మునగడానికి అదే మేలు. దానికి బదులుగా వేట అయ్యాక రెక్కలు చాచి ఎండలో నిలబడాలి.

పెరిగి పూర్తయిన ఈక ప్రాణం లేనిది, అరిగితే బాగుపడదు. రాల్చి కొత్తది మొలిపించుకోవాలి. కాకులు, డేగలు రెక్క ఈకలను ఒకటి తర్వాత ఒకటి మారుస్తాయి. బాతులు రెక్కల ఈకలన్నీ ఒకేసారి రాల్చేస్తాయి, కొత్తవి వచ్చేదాకా కొన్ని వారాలు ఎగరలేవు.

రంగు మాటకొస్తే, నెమలి మెడ నీలంలో నీలి రంగు పదార్థమే లేదు. మెలనిన్ అనే ముదురు రంగు పదార్థపు సన్నని కడ్డీలు వరసగా పేర్చుకున్న దూరాన్ని బట్టి వెలుగులోంచి నీలం తిరిగి వస్తుంది. అదే ఈకను నూరితే మిగిలేది గోధుమరంగు పొడి.

ఈకలు ఎగరడం కోసం పుట్టలేదన్న మాటకు గట్టి సాక్ష్యం 1996లో చైనాలో దొరికింది. సైనోసారాప్టెరిక్స్ అనే చిన్న డైనోసార్, రెక్కలు లేవు, ఒళ్లంతా నూగు. 2010లో ఆ నూగులోని రంగు కణాల ఆనవాళ్లు చూసి దాని తోక మీద ఎర్రగోధుమ, తెలుపు పట్టీలు ఉండేవని చెప్పారు.

చిన్న ఈగ, పెద్ద ఈగ పిల్లేనా? తెల్ల బొద్దింక వేరే జాతా?

రెండూ కాదు. కీటకాల పైపెంకు కైటిన్ అనే పదార్థంతో చేసిన ఎముకల గూడు లాంటిది, కాకపోతే బయట ఉంటుంది. గట్టిపడ్డాక సాగదు. పెరగాలంటే పగలగొట్టుకుని బయటికి రావాలి. ఈగకు రెక్కలొచ్చాక పెంకు మార్చడం ఉండదు, కాబట్టి పెరగడం కూడా ఉండదు. చిన్న ఈగ చిన్నగానే ముసలిదవుతుంది, పురుగు దశలో తిండి తక్కువ దొరికి ఉంటుంది, లేదా వేరే జాతి. తెల్ల బొద్దింక అంటే ఇప్పుడే పెంకు విడిచిన మామూలు బొద్దింక, కొన్ని గంటల్లో రంగు తేలుతుంది.

పీతలు, రొయ్యలు కైటిన్‌కు కాల్షియం కూడా చేర్చి ఇంకా గట్టి చేసుకుంటాయి. పాత పెంకు విడవగానే నీళ్లు పట్టి ఒళ్లు ఉబ్బించి, ఆ కొలతకు కొత్త పెంకు గట్టిపడనిస్తాయి. అంతదాకా ఒళ్లు మెత్తగా, ఎవరికైనా ఆహారంగా ఉంటుంది కాబట్టి రాళ్ల సందుల్లో దాక్కుంటాయి. రొయ్యల చుట్టమైన క్రేఫిష్ ముందుజాగ్రత్తగా పాత పెంకులోని కాల్షియంలో కొంత వెనక్కి లాగి, పొట్టలో రెండు చిన్న రాళ్లుగా దాచుకుంటుంది. కొత్త పెంకుకు అదే పెట్టుబడి.

నత్త గుల్ల మార్చుకుంటుందా?

మార్చుకోదు. గుడ్డులోంచి గుల్లతోనే వస్తుంది, మూతి అంచున కొత్త సున్నం చేరుస్తూ చుట్టు తర్వాత చుట్టు పెంచుకుంటుంది. మధ్యలో కనిపించే బుల్లి చుట్టు అది పుట్టిననాటి ఇల్లు. ఖాళీ గుల్లలు మార్చేది సన్యాసి పీత, దాని వెనక భాగం మెత్తన కాబట్టి అద్దె ఇల్లు తప్పదు. హిందూ మహాసముద్రపు అడుగున వేడినీటి బుగ్గల దగ్గర ఒక నత్త ఉంది, 2001లో దొరికింది. దాని పాదం మీది పొలుసులకు ఇనుప సల్ఫైడ్ పూత.

ఊసరవెల్లి ఏ రంగు మీద కూర్చుంటే ఆ రంగులోకి మారుతుందా?

మన సామెతల్లో మారుతుంది. చెట్టు మీద అది రంగు మార్చేది ఎక్కువగా కోపం, భయం, జత కోసం తంటాలు, వేడి, చలి బట్టి. చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు బుల్లి స్ఫటికాలు వరసగా ఉంటాయి, వాటి మధ్య ఎడం పెరిగితే తిరిగి వచ్చే రంగు మారుతుందని 2015లో పరిశోధకులు చూపించారు. చుట్టుపక్కలను నిజంగా అనుకరించేది ఆక్టోపస్. దాని చర్మంలో వేలాది రంగు సంచులు, ఒక్కోదాని చుట్టూ కండరాలు. క్షణంలో రంగే కాదు, బొడిపెలు లేపి రాయిలా గరుకుదనం కూడా తెచ్చుకుంటుంది. దానికి రంగులు మనలా కనిపించవన్నది ఇక్కడి తమాషా.

చర్మం ఊడిపోయినా బతికే జంతువులున్నాయా?

ఆఫ్రికాలో ముళ్ల ఎలుకలున్నాయి. పట్టుకుంటే వీపు మీది చర్మం చిరిగి శత్రువు చేతిలో ఉండిపోతుంది, ఎలుక పారిపోతుంది. వీపు చర్మంలో 60 శాతం దాకా పోయినా అవి తట్టుకుంటాయని 2012లో తేలింది. మనకైతే మచ్చ మిగిలేది, దానికి వెంట్రుక కుదుళ్లతో సహా కొత్త చర్మం వస్తుంది.

పాము కుబుసం దొరికింది. ఏ పాముదో, ఎంత పొడవో చెప్పొచ్చా?

పొడవు విషయంలో జాగ్రత్త. కుబుసం విడిచేటప్పుడు సాగుతుంది, కాబట్టి అసలు పాము దానికంటే పొట్టిగానే ఉంటుంది. దూలం మీద దొరికిన కుబుసం కొలిచి ఇంట్లో అందరూ హడలిపోవడం నేను చూశాను, ఆ పాము అంత పొడవు ఉండే అవకాశమే లేదు.

పాము మూతి దగ్గర రాతికో కొమ్మకో రాసుకుని చర్మం చీల్చి, మేజోడు తిరగేసినట్టు మొత్తం లోపలి వైపు బయటికి వచ్చేలా విడుస్తుంది. బల్లి, తొండ ముక్కలు ముక్కలుగా విడుస్తాయి. పాముకు రెప్పలుండవు, కళ్ల మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది, అదీ కుబుసంతోపాటే ఊడుతుంది. విడిచే ముందు కొద్దిరోజులు కళ్లు పాలరంగుకు తిరిగి చూపు మందగిస్తుంది, అప్పుడు పాము చిరాకుగా ఉంటుంది.

జాతి గుర్తించడానికి తల భాగం, నడుము భాగం చిరగకుండా కావాలి. తల మీది పొలుసుల అమరిక, నడుము చుట్టూ పొలుసు వరసల సంఖ్య, తోక కింది పొలుసులు ఒంటిగా ఉన్నాయా జంటగా ఉన్నాయా అన్నవి చూస్తారు. రంగు పెద్దగా సాయపడదు, కుబుసంలో అది చాలావరకు ఉండదు. కాగితం మీద పరిచి, పక్కన స్కేలు పెట్టి, తలను దగ్గరగా ఫొటో తీసి పాముల గురించి తెలిసినవారికి చూపించండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.